గోళీలాటలోని మాటలు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభలో భారతమును గూర్చియో భాగవతమును గూర్చియో నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. ఆ గ్రంథములను గూర్చి చెప్పుటకు పండితులు గలరు. నేను ఊరి లెక్కలు వ్రాసి బ్రతుకువాడను. గురుముఖమున చదివినవాడను కాను. ఈ గ్రంథాలయములోని బీరువాలే నాకు గురుకులము. కావున నా శక్తికి తగిన చిన్న విషయము నొకదానిని ఎన్నుకొంటిని. అది పిల్లలాడుకొను గోళీలును, ఆ ఆటలో వినవచ్చు మాటలును. విషయము చిన్నదని నవ్వువారు కొంచెము ఓపిక పట్టవలెనని ప్రార్థన. చిల్లర లెక్క సరిపడనిదే పెద్ద మొత్తము సరిపడదని నా వృత్తి నాకు నేర్పినది.

మొదట పేరుతోనే ప్రారంభింతము. మన కోస్తా జిల్లాలలో వీనిని గోళీలనియు, గోళీకాయలనియు అందుము. రాయలసీమకు పోయినచో ఇవియే గోలిగుండ్లు. తెలంగాణమునకు పోయినచో గోటీలు. వస్తువు ఒక్కటే, ఆడువారు ఒక్క భాషవారే, పేర్లు మాత్రము మూడు. ఇట్లేల జరిగినది?

గోళము సంస్కృత పదము. గుండ్రనిదని అర్థము. హిందీ, ఉర్దూ వాడుకలో అది గోలీ యైనది. అక్కడ ఆ యొక్క మాటయే పిల్లవాని గోళీకిని, వైద్యుని మాత్రకును, తుపాకి గుండుకును చెల్లును. తెలంగాణము చాలకాలము ఉర్దూ రాజభాషగానున్న సీమ. అందుచేత అక్కడ జ్వరము వచ్చినవాడు గోలీ వేసికొనును. మనవైపువాడు మాత్రయో బిళ్ళయో వేసికొనును. మన పిల్లవాడు అక్కడి అంగడికి పోయి గోలీలిమ్మని అడిగినచో, తలనొప్పికా జ్వరమునకా యని అంగడివాడు ప్రశ్నింపవచ్చును. ఒక మాట మందులకొట్టులో స్థిరపడగా, ఆటవస్తువునకు అక్కడ గోటీ యను పేరు నిలిచినది. మరాఠీవారును దీనిని గోటీ యనియే అందురు. మరాఠ్వాడాయు తెలంగాణమును 1956 వరకు ఒకే హైదరాబాదు రాజ్యమున నున్నవి గదా! రాజ్యములకు సరిహద్దు రాళ్ళు పాతవచ్చును గాని పిల్లల మాటలకు పాతజాలము.

రాయలసీమ గోలిగుండు మరియొక విధమైనది. గుండు అచ్చమైన తెలుగు మాట. గుండ్రని రాయి అని అర్థము. గోలి యనినను గుండ్రనిదే, గుండు అనినను గుండ్రనిదే. వచ్చిన మాటను చేర్చుకొని, ఇంటిమాటను విడువలేక, రెండింటిని జతపరచిరి. నడిమధ్య అనుటలో మనము చేసినదియు ఇదియే. నడి తెలుగు, మధ్య సంస్కృతము, అర్థమొక్కటే. పొరుగున తమిళ బాలురును గోలి గుండు అనియే అందురు.

ఇక మన గోళీకాయలోని కాయ యేమి? అది చెట్టున కాచినది కాదు గదా. తెలుగువానికి గట్టిగా గుండ్రముగా నున్నది కాయగా తోచును. తల తలకాయ యైనది, గుండె గుండెకాయ యైనది. మన ఆడపిల్లలు గచ్చకాయలతో తరతరములుగా ఆడుచున్నారు. ఆ చేతులకు గోళీయు కాయగానే అందినది.

పరభాషలవారి దృష్టి వేరు. ఉత్తరాదిని దీనిని కంచా అందురు. కాంచ్ అనగా గాజు. ఆంగ్లేయులు చలువరాతి పేరునే దీనికిని పెట్టి మార్బుల్ అనిరి. వారిలో మేలురకపు గోళీకి ఆలీ యని ముద్దుపేరు. అది అలబాస్టరు అను తెల్లరాతి పేరునుండి కత్తిరించుకొన్న మాట. వారు దేనితో చేసినదని చూచిరి, మనము ఎట్లున్నదని చూచితిమి. మనవారి చూపునకు ఒక లాభము కలిగినది. నేడు మార్బుల్ అని పిలువబడు గోళీలో చలువరాయి ఉండదు. మన గోళీ మాత్రము మన్నైనను, రాయైనను, గాజైనను, బండి చక్రము బేరింగులోని ఉక్కు గుండైనను గోళీయే.

ఈ వస్తువు ఎంత ప్రాచీనమో చెప్పుటకు సింధులోయ త్రవ్వకములు చాలును. అక్కడ మట్టితో చేసిన బొమ్మబండ్లతోపాటు రాతితోను మట్టితోను చేసిన చిన్న గుండ్లు లభించినవి. గాజుగోళీ కథ మాత్రము ఈమధ్యది. 19వ శతాబ్దమున జర్మనీలోని లౌషా గ్రామపు గాజు పనివారు, కాగిన గాజుకడ్డీని ప్రత్యేకమైన కత్తెరతో తునుకలుగా కోసి గుండ్రముగా చేయు ఉపాయమును కనుగొనిరి. 1905లో అమెరికాలోని ఏక్రన్ నగరమున గోళములు చేయు యంత్రమునకు పేటెంటు లభించినది. కాని మన పల్లెలకు గాజుగోళీని పరిచయము చేసినది సోడాబుడ్డి. ఇంగ్లండునందలి హైరమ్ కాడ్ అను నతడు 1872లో ఆ సీసాకు పేటెంటు పొందెను. సీసా మెడలో రబ్బరు వలయము ఉండును. లోపలి వాయువు గోళీని పైకి నెట్టి ఆ వలయమునకు అదిమి పట్టును. బొటనవ్రేలితో గట్టిగా నొక్కగా గోళీ లోపలికి జారి బుస్సుమని గ్యాసు వెలికి వచ్చును. దొరల ఇంజనీరింగు అది. అయినను మన పిల్లలకు అందు కావలసినది సోడా కాదు. సీసా ఎప్పుడు పగులునా, గోళీ ఎవనికి దక్కునా యనునదే వారి చింత. సోడాగోళీ యను మాట అట్లు పుట్టి, చేతిలోనున్న మట్టిగోళీని చిన్నబుచ్చినది.

ఇప్పుడు ఆటలోనికి దిగుదము. మన బాలుడు గోళీ కొట్టు విధము చూడదగినది. ఒక చేతి బొటనవ్రేలిని నేలకు ఆనించును. ఆ చేతి నడిమి వ్రేలి కొనకు గోళీని చేర్చి, రెండవ చేతితో వెనుకకు లాగి విడుచును. వ్రేలే విల్లు, వ్రేలే నారి. ఒక కన్ను మూసి చూచు ఆ చూపునకు గురి యని పేరు. ఈ గురి యను మాటకు మన భాషలో మరియొక అర్థము గలదు. మాష్టారిపై గురి, వైద్యునిపై గురి అందుము. అనగా నమ్మకము. లక్ష్యమునకును విశ్వాసమునకును ఒకే మాట యుండుట నన్ను ఎన్నోమారులు ఆలోచింపజేసినది. దేనిపై నమ్మకము లేదో దానివైపు చేయి నిలువదని ఆ మాటయే చెప్పుచున్నది.

గోళీ పడవలసిన పల్లమునకు ఇక్కడ గుంట, రాయలసీమలోను తెలంగాణమునను గుంత. గోళీలు పరచుటకు గీసిన వలయమునకు గిరి. ఆట సాగు హద్దునకు బరి. ఈ చివరి రెండు మాటలు మట్టిలో పుట్టి ఎంత దూరము పోయినవో చూడుడు. ఎవరితోను కలియక తన మట్టుకు తానుండువానిని గిరి గీసికొని కూర్చుండెనందుము. ఎన్నికలలో నామపత్రము వేసినవానిని బరిలో దిగెనని పత్రికలు వ్రాయుచున్నవి. ఆటస్థలపు మాట లేనిదే పెద్దల రాజకీయమునకును వాక్యము పూర్తికాదు.

ఇంతకంటె ముఖ్యమైనవి న్యాయమునకు సంబంధించిన మాటలు. ఏ ఆటలోనైనను మొదట ఎవరు దిగవలె, ఎవరు దొంగ కావలె అను తగవు వచ్చును. దానికి పిల్లలు పంటలు వేసికొందురు. ముగ్గురు చేతులు కలిపి ఊపి, ఒక్కమారుగా కొందరు అరచేయి వెల్లకిలగా, కొందరు బోర్లగా పెట్టుదురు. ఇద్దరికి భిన్నముగా పెట్టినవాడు పండినట్లు, అనగా బయటపడినట్లు. సేద్యము చేయు జాతి పిల్లలు గనుక, గండము గడచినవానిని పండినవాడనిరి. రైతునకు చేను పండుటకంటె గండము గడచుట మరియేమి గలదు?

జట్లు కట్టునప్పుడు సమాన బలముగల ఇద్దరిని జతచేసి, చెరియొక జట్టునకు ఒక్కొక్కనిని పంచుకొందురు. అట్టి జతగానికి ఉద్ది యని పేరు. సాటి, జోడు అను అర్థమున ఇది పాత మాట. వీధిలోని పిల్లవాని నోట విని, తరువాత నిఘంటువులో చూచి, ఇది మనవాడే యని నేను సంతోషించితిని. ఉద్దిని చూచి జట్టు కట్టుటలో ఒక ధర్మము గలదు. బలవంతులందరు ఒకవైపు చేరి గెలుచుట ఆట కాదని పదేండ్ల బాలునికి తెలియును.

మరి ఉద్ది దొరకని పసివాడు ఏమి కావలె? అన్న వెంట వచ్చి, ఆడనిమ్మని ఏడ్చు నాలుగేండ్లవానిని వెళ్ళగొట్టుటకు మనసొప్పదు. ఆడించినచో లెక్క చెడును. దీనికి పిల్లలు కనుగొన్న పరిష్కారమే ఆటలో అరటిపండు. వాడు ఆడవచ్చును, పరుగెత్తవచ్చును, కేకలు వేయవచ్చును. వాని గెలుపు గెలుపు కాదు, వాని ఓటమి ఓటమి కాదు. లెక్కలో చేరకుండ మనిషిని చేర్చుకొనుట ఎట్లో పెద్దల సంఘములకింకను పూర్తిగా తెలియలేదు. ఈ మాటను మనము ఎగతాళికి వాడుదుము గాని, పుట్టుకలో ఇది దయతో పుట్టిన మాట.

ఇక తొండి. ఈ మాట లేక గోళీలాట లేదు. వ్రేలు గీతదాటి ముందుకు జరిపినచో తొండి. చూడకుండ కాలితో గోళీని తోసినచో తొండి. పెద్దల లోకమున మోసమున్నది, దగా యున్నది, ద్రోహమున్నది. వీనికి కోర్టులు, సాక్షులు, వాయిదాలు. తొండికి ఇవేవియు లేవు. తొండి యని కేకవేయగానే ఆట ఆగును, చుట్టునున్నవారే పంచాయతి, ఆ క్షణమే తీర్పు, మరల ఆట. తొండి చేసినవాడు మరునాడు రాకుండపోడు, రానీయకుండను పోరు. తప్పును తప్పనుటయు, తప్పు చేసినవానిని వదలుకొనకుండుటయు, రెండును ఈ చిన్న మాటలో ఇమిడియున్నవి.

దానికి తోడు తూచ్ ఒకటి. పొరపాటున చేయి జారినను, అన్న మాట వెనుకకు తీసికొనవలసి వచ్చినను తూచ్ అందురు. అంతటితో జరిగినది జరుగనట్లే. నా లెక్కల పుస్తకములో తప్పు అంకెను కొట్టివేయవలెనన్న అడ్డుగీత గీసి, ప్రక్కన సంతకము పెట్టవలెను. పిల్లలకు ఒక్క అక్షరము చాలినది. అయితే ప్రతి దెబ్బకు తూచ్ అనువానిని ఎవడును ఆటకు పిలువడు. కావున ఆ హక్కును పొదుపుగా వాడుకొనుటయు అక్కడనే నేర్తురు.

గోళీలాట చెడ్డదని, పిల్లలను పాడుచేయునని మన పెద్దలు కసరుట నేనెరుగుదును. పందెములుండును, కలహములుండును, ఓడినవాని పిడికిలి కణుపులపై గోళీతో కొట్టు శిక్షయు ఉండును. కాదనను. అన్ని వీధుల పిల్లలు ఒక గిరి చుట్టు చేరిన రోజులు మన పల్లెలలో తక్కువనియు ఒప్పుకొనవలసినదే. కాని చేరిన రోజున మాత్రము మోతుబరి కొడుకు తొండి చేసినను తొండియే, పాలేరు కొడుకు తొండి చేసినను తొండియే. ఈ సమానత్వము పాఠ్యపుస్తకమునుండి వచ్చినది కాదు. ఆ మాటనుండి వచ్చినది.

ఇప్పుడు నేను చెప్పదలచిన అసలు సంగతికి వచ్చుచున్నాను. మన నిఘంటువులు మహాగ్రంథములు. బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరము 1885లో వెలువడినది. సూర్యరాయాంధ్ర నిఘంటువు మొదటి సంపుటము 1936లో వచ్చినది. వీనికి ప్రధానమైన ఆధారము కవిప్రయోగములు. కావ్యమునకెక్కిన మాటకు అందు పెద్దపీట. మట్టిలో ఆడిన మాట అందు చేరినను, ఏ ఊరివారు ఏ ఆటలో ఎట్లు వాడుదురో అక్కడ దొరకదు. అందువలన కలుగు నష్టమేమో ఒక ఉదాహరణము చెప్పెదను.

మహాభారతము ఆదిపర్వమున ద్రోణాచార్యుడు రాకుమారులను మొదట చూచు ఘట్టము అందరికిని తెలిసినదే. బాలురు ఆడుకొనుచుండగా ఆటవస్తువు బావిలో పడును. ద్రోణుడు పుల్లతో పుల్లను గ్రుచ్చి దానిని పైకి తీయును. నన్నయభట్టారకుడు ఆ వస్తువును కందుకమనెను, అనగా బంతి. సంస్కృత మూలమున నున్న మాట వీటా. వీటా యనగా నేమి? వ్యాఖ్యాత నీలకంఠుడు అది యవగింజ ఆకారము గల చిన్న కర్ర యనెను. జానెడు పొడవున, రెండు కొనలు చెక్కిన కర్ర! అది మనకు తెలియనిదా? మనవైపు గూటీబిళ్ళ, బిళ్ళంగోడు, తెలంగాణమున చిర్రగోనె, రాయలసీమలో చిల్లాకట్టె. ఆ లెక్కన భీమార్జునులు ఆడినది బంతియా, బిళ్ళంగోడా యని నేటికిని రెండు పక్షములు. అస్త్రవిద్య యంతటిని వర్ణించిన గ్రంథమున, పిల్లల ఆటవస్తువు పేరునకు అర్థమేమో నాడు ఎవరును వ్రాసిపెట్టలేదు. అందరికిని తెలిసినదే గదా యని ఊరకుండిరి. అందరికిని తెలిసిన మాటయే మొదట మాయమగును. తెలియని మాటకైనను టీక వ్రాయుదురు.

వ్రాసిపెట్టిన మహనీయులు మనలో లేకపోలేదు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడి ప్రాంతపు కొండలలోని సవరల నోటినుండి వారి మాటలను విని వ్రాసికొనిరి. 1931లో సవరభాషా బోధినిని, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువును ప్రకటించిరి. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున మాండలిక వృత్తి పదకోశములను వెలువరించినది. వ్యవసాయపు మాటలు 1962లోను, చేనేత మాటలు 1971లోను అచ్చైనవి. నాగలి భాగములకు ఒక్కొక్క జిల్లాలో ఏ పేరున్నదో అందు చూడవచ్చును. రైతు వృత్తి వ్యవసాయము, సాలె వృత్తి నేత. మరి పిల్లవాని వృత్తి యేమి? ఆటయే గదా! ఆ వృత్తి మాటలను ఊరూర సేకరించు పని మనవంటివారికి మిగిలియున్నది.

దీనికి ఆలస్యము కూడదు. మన వీధులలో సిమెంటు రోడ్లు పడినవి. వానకాలపు బురద తీరినది, సంతోషమే. కాని సిమెంటులో గుంట త్రవ్వుట ఎట్లు? గిరి గీయుట ఎట్లు? బొటనవ్రేలు ఆనించుటకు మెత్తని మన్ను కావలెను. పిల్లవాడు తెల్లవారగనే బడిబస్సు ఎక్కి, చీకటిపడి దిగుచున్నాడు. దిగిన పిదప చేతిఫోనులో ఆడుచున్నాడు. ఆ ఆటలో గురి యున్నది, గెలుపున్నది. తొండి లేదు. తొండి చేయుటకు వీలులేని ఆటలో తొండి యని కేకవేయుటయు, తగవు తీర్చుకొనుటయు, మరల కలిసి ఆడుటయు లేవు. ఇది ఎవరిని నిందించుటకు చెప్పుట లేదు. రోడ్డు తవ్వుమనియు, ఫోను పారవేయుమనియు అనుట లేదు. నేల పోయినచో ఆట పోవును, ఆట పోయినచో మాట పోవును. నేలను నిలుపజాలకున్నను మాటనైన నిలుపుకొందమని మాత్రమే నా మనవి.

గ్రంథాలయమనగా అచ్చైన పుస్తకములను దాచు చోటు మాత్రమే కాదు. అచ్చుకాని దానిని వ్రాసిపెట్టు చోటును కావలెను. కావున ఈ రజతోత్సవ సందర్భమున నాదొక ప్రతిపాదన. మన గ్రంథాలయమున ఆటమాటల పుస్తకమొకటి తెరవవలెను. దానికి వరుసలు నేను గీసి ఇచ్చెదను. మొదటి వరుసలో మాట. రెండవదానిలో ఏ ఆటలోనిది. మూడవదానిలో అర్థము. నాలుగవదానిలో చెప్పినవారి నోట వచ్చిన వాక్యము. ఐదవదానిలో వారి వయస్సు, వారు చిన్ననాట ఆడిన ఊరు. ఆరవదానిలో తేదీ.

చెప్పువారు ఎవరందురా? తాతలు గలరు, పిల్లలు గలరు. వారికంటెను మిన్నగా ఈ ఊరికి కోడళ్ళై వచ్చిన స్త్రీలు గలరు. ఒక్కొక్కరు ఒక్కొక్క ఊరినుండి అచ్చనగండ్ల మాటలను, గచ్చకాయల మాటలను, ఓమనగుంటల మాటలను వెంటతెచ్చుకొన్నారు. పుట్టినింటి సారె నెంచినవారు గలరు గాని, ఈ మాటలను ఇంతవరకు ఎవరును అడుగలేదు.

వ్రాయువారికి ఒక్క నియమము. దిద్దకూడదు. గోలి యన్నవారి మాటను గోళి యని మార్చకూడదు. గుంత యన్నదానిని గుంట చేయకూడదు. మా వృత్తిలో చిట్టా యనియు, ఆవర్జా యనియు రెండు పుస్తకములుండును. చిట్టాలో వచ్చినది వచ్చినట్లు, వచ్చిన వరుసలోనే వ్రాయవలెను. పద్దులవారీగా విడదీయుట ఆవర్జాలో చేయు పని. ఈ పుస్తకము చిట్టా. ఆవర్జా వ్రాయుటకు తరువాతి కాలమున చదువుకొన్నవారు వత్తురు. చిట్టా లేనిదే వారేమియు చేయజాలరు.

ఒట్టి మాటలతో వచ్చితినని అనుకొనకుండుటకు మొదటి పుట వ్రాసి తెచ్చితిని. గోళీ, గోటీ, గోలిగుండు, గుంట, గురి, గిరి, బరి, పంట, ఉద్ది, అరటిపండు, తొండి, తూచ్. పండ్రెండు మాటలు. ఈ పుస్తకమును అధ్యక్షులవారి చేతికి ఇచ్చుచున్నాను. దీనిలో రెండువందల పుటలున్నవి. వచ్చు ఆదివారము ఉదయము ఎనిమిది గంటలకు గ్రంథాలయపు అరుగుపై కలము పట్టుకొని కూర్చుందును. పదమూడవ మాట చెప్పుటకు మీలో ఎవరు ముందుగా వత్తురో చూచెదను. పిల్లలు వచ్చినచో మరింత సంతోషము. అరుగు ముందర ఇంకను కొంచెము మన్ను మిగిలియున్నది.

సెలవు.